మెట్టెలు లేని పెళ్లికూతురు

"శామీర్‌పేట చెరువు నిండిందా?"

కట్ట పక్కన కారు ఆపి, అద్దం సగం దించి అడిగాడు యజ్ఞనారాయణ.

"అలుగు పారుతాంది సార్," అన్నాడు హరీష్.

మే నెల. చెరువులో నీళ్లు మోకాలి లోతున్నాయో లేదో. అయినా కోడ్ వర్డ్ కోడ్ వర్డే కాబట్టి ఇద్దరూ నవ్వలేదు. హరీష్ వెనక డోర్ తీసుకుని కూర్చున్నాడు.

బహదూర్‌పల్లి కాలనీలో యజ్ఞనారాయణ అంటే రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు, పొద్దున్నే పాల ప్యాకెట్ పట్టుకుని నడిచే పెద్దమనిషి. ఆయన కింద పేరు లేని ఒక విభాగం ఉందని, అందులో వాళ్లు చచ్చిపోతే పేపర్లో కూడా రాదని ఆ కాలనీలో ఎవరికీ తెలియదు. ఆయన నుదుట ఎర్రటి బొట్టు ఇంకా తడారలేదు. హరీష్ అటు చూడడం గమనించి, "ఎవరో వాయనం ఇచ్చారట. మా ఆవిడ పెట్టందే గడప దాటనివ్వలేదు," అని విషయంలోకి వచ్చేశాడు.

"ఫణిభూషణ్. తుర్కపల్లిలో ఒక ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్ట్. మూడు నెలలుగా ఆయన ఎదురు ఫ్లాట్‌లోనే కాపురం ఉంటున్నాను. మొన్న సాయంత్రం లంచ్ బాక్స్‌లో ఒక ఆంప్యూల్ పెట్టుకుని, కంపెనీ క్యాబ్‌లో దర్జాగా ఇంటికి తెచ్చాడు. చిటికెన వేలు అంత గాజు గొట్టం. లోపల పొడి. మంచివాడి చేతిలో ఉంటే వ్యాక్సిన్. చెడ్డవాడి చేతిలో పడితే ఊళ్లకి ఊళ్లు ఖాళీ."

"ఇంట్ల వెతికిన్రా సార్?"

"టైం లేదు. రేపు పొద్దున్న ఫ్లైట్. మేడ్చల్ నుంచి ఒక టూర్ గ్రూప్ ఇస్తాంబుల్ వెళ్తోంది. ఆయనా, భార్య పార్వతీదేవీ. పెళ్లై ఇరవై అయిదేళ్లయిందట."

"ఎయిర్‌పోర్ట్‌ల పట్టుకుంటే అయిపోతది గదా."

"ఆయన దొరుకుతాడు. కొనేవాడు దొరకడు." యజ్ఞనారాయణ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మన లోపలే ఉండి వాళ్లకి పేర్లు చేరవేస్తున్న మనిషి అసలే దొరకరు. మన మహేష్ పోయి రెండేళ్లు. ఆ తర్వాత ముగ్గురు పోయారు. ఆ ముగ్గురి పేర్లు తెలిసింది మన అయిదుగురికే. సాయిప్రియ నీ భార్యగా వస్తోంది. కొత్త జంట, హనీమూన్."

హరీష్ ముందుకి వంగాడు. "ఆమెనా సార్?"

"తిరిగొచ్చి నువ్వే చెప్పాలి. ఇంకొకటి. ఆంప్యూల్ చేయి మారకూడదు. తేలేకపోతే సముద్రంలో పడెయ్. లోపలి క్రిమి ఉప్పునీళ్లలో చచ్చిపోతుంది."

కారు వెళ్లిపోయాక హరీష్ కట్ట మీద చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ల నాయిన యాదగిరికి ఒకప్పుడు ఈ చెరువు కింద పొలం ఉండేది. ఇప్పుడు అందులో విల్లాలు. కొడుకు ఆసుపత్రులకు మిషన్లు అమ్ముతాడని ఆయన నమ్మకం. నాలుగేళ్లుగా సాయిప్రియతో కలిసి పనిచేస్తూ, ఎవరికీ చెప్పనిది, ఆమెకి కూడా చెప్పనిది ఒకటి హరీష్ దగ్గర ఉంది. ఆమె కాకూడదు, ఎవరైనా సరే ఆమె మాత్రం కాకూడదు అనుకున్నాడు. గూఢచారి అలా అనుకోవడం మొదలుపెడితే మిషన్ సగం పోయినట్టే. ఆ సంగతీ అతనికి తెలుసు.

*

విభాగంలో సరంజామా చూసేవాడు నవీన్. నలభై దాటినా పెళ్లి కానివాడు. కొత్త దంపతుల కోసం అన్నీ శ్రద్ధగా అమర్చాడు. హరీష్‌కి కెమెరా కళ్లద్దాలు, తిప్పేస్తే రంగు మారే జాకెట్. సాయిప్రియకి నల్లపూసలు, చేతుల నిండా గోరింటాకు, ఫోన్లో నూటయాభై పెళ్లి ఫోటోలు. పసుపుతాడుకి రెండు బంగారు బిళ్లలు. ఒక బిళ్లలో మైక్. ఆమె మాట్లాడింది మాట్లాడినట్టు బహదూర్‌పల్లిలో యజ్ఞనారాయణ చెవిలో పడుతుంది. అంత బుర్ర పెట్టిన నవీన్ ఒక్కటి మర్చిపోయాడు. పెళ్లైన ఏ మగవాడూ, ఏ ఆడదీ మర్చిపోనిది.

ఇస్తాంబుల్‌లో మొదటిరోజు పొద్దున తొమ్మిదింటికి గ్రూపంతా హాగియా సోఫియా క్యూలో ఉన్నారు. సాయిప్రియ లేత నీలం కుర్తా, నల్ల కళ్లద్దాలు వేసుకుని బస్సు దిగితే, క్యూలో ఉన్న నాలుగు దేశాల మగవాళ్లూ తల తిప్పి చూశారు. ఆమె హరీష్ చెయ్యి పట్టుకుంది. కవర్ కోసమే. అయినా ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"కొత్త పెళ్లికూతురివా అమ్మా?" ముందు నిలబడ్డ పార్వతీదేవి వెనక్కి తిరిగి పలకరించింది. జరీ చీర, కాళ్లకి స్పోర్ట్స్ షూస్, భుజాన పెద్ద హ్యాండ్‌బ్యాగ్.

"అవును పిన్నిగారూ. పదిహేను రోజులైంది," అంది సాయిప్రియ.

"అబ్బాయిది ఏ ఊరు?"

"శామీర్‌పేట ఆంటీ," అన్నాడు హరీష్.

"మా పక్కనే అన్నమాట. ఏం చిత్రమో, ఇంత దూరం వచ్చి పక్కింటివాళ్లని కలుస్తాం." ఆమె గలగలా చెప్పుకుంటూ పోయింది. ఇదే మొదటిసారి దేశం దాటడం. అయిదేళ్లుగా పడుతున్న నోముకి మొన్ననే ఉద్యాపన చేసుకుంది. కాలనీలో ముత్తయిదువులకి వాయనాలు ఇచ్చి మరీ బయల్దేరింది. ఈయన ఏనాడూ సినిమాకి కూడా తీసుకెళ్లని మనిషి. ఉన్నట్టుండి టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టారు. "మనసు మారిందమ్మా ఈ వయసులో," అంది మురిసిపోతూ.

లోపలికి వెళ్లి తలెత్తి చూసింది. ఆ గుమ్మటం, కిటికీల్లోంచి దిగే వెలుగు చూసి ఆమె నోట మాట రాలేదు. కళ్లు తుడుచుకుంది. ఫణిభూషణ్ పైకి చూడలేదు. పదిహేను వందల ఏళ్ల కట్టడంలో ఆయన చూస్తున్నది ఒక్కటే, భార్య హ్యాండ్‌బ్యాగ్. హరీష్ కళ్లద్దాల్లో కెమెరా నొక్కాడు.

అక్కడి నుంచి నడిచి బ్లూ మసీదు. గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విప్పాలి. సాయిప్రియ తలకి చున్నీ చుట్టుకుని, ఒంగి షూస్ విప్పింది. సాక్సులు వేసుకోలేదు.

పార్వతీదేవి చూపు ఆమె పాదాల మీద ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, మెట్టెలేవి?"

మూడు సెకన్లు. తాళి ఉంది, నల్లపూసలు ఉన్నాయి, గోరింటాకు ఉంది. పదిహేను రోజుల పెళ్లికూతురికి మెట్టెలు లేవు. హరీష్ మనసులోనే నవీన్‌ని అయిదు తరాల వెనక్కి తిట్టాడు.

"షూస్‌లో నొక్కుకుంటున్నాయి పిన్నిగారూ. హోటల్లో తీసి పెట్టాను," అంది సాయిప్రియ.

"అవునవును, మచ్చ కనిపిస్తోందిగా. కానీ తియ్యకూడదమ్మా. నొప్పి అయితే వదులు చేయించుకోవాలి, అంతే."

మచ్చ. హరీష్ కూడా చూశాడు. రెండు పాదాల మీదా బొటనవేలి పక్క వేలికి, చుట్టూ తెల్లగా దిగబడిన గీత. చర్మం అక్కడ నునుపుగా, సన్నగా అరిగిపోయి ఉంది. అది పదిహేను రోజుల్లో పడేది కాదు. ఇళ్లలో అమ్మలకి, వదినలకి ఉంటుంది. ఏళ్ల తరబడి పెట్టుకుని ఈ మధ్యే తీసేసిన వేలు అది. విభాగం ఫైల్లో మాత్రం సాయిప్రియ పేరు పక్కన అవివాహిత అని ఉంది.

నాలుగేళ్లు ఎప్పుడూ షూస్‌లోనే ఎందుకు ఉందో అతనికి ఇప్పుడు అర్థమైంది. ఆమె కాకూడదన్న కోరిక ఆ గుమ్మం దగ్గరే చెప్పులతో పాటు ఉండిపోయింది.

*

గ్రాండ్ బజార్లో పార్వతీదేవి ఎవరి మాటా వినలేదు. వెండి కొట్టు వెతికి పట్టుకుంది. మెట్టెలంటే ఏమిటో ఆ కొట్టువాడికి తెలియదు. తన షూ విప్పి, కాలెత్తి చూపించింది. వాడు దండం పెట్టి, చిన్నపిల్లల ఉంగరాల ట్రే తీసి ముందు పెట్టాడు. అందులో తెరుచుకునే ఉంగరాలు రెండు ఏరి, పంటితో నొక్కి వంచింది.

"కూర్చోమ్మా. బాబూ, నువ్వే పెట్టాలి. పెళ్లికొడుకే పెట్టాలి."

సాయిప్రియ స్టూల్ మీద కూర్చుంది. హరీష్ నేల మీద కూర్చుని ఆమె పాదాన్ని మోకాలి మీదకు తీసుకున్నాడు. ఎన్నోసార్లు అనుకున్నాడు ఈ క్షణం గురించి. శామీర్‌పేటలో, నాయిన ముందు, బంధువుల మధ్య. ఇలా మాత్రం అనుకోలేదు. ఉంగరం సరిగ్గా ఆ తెల్లటి గీతలోనే కూర్చుంది. వేరెవరో ముందే కొలత తీసి పెట్టినట్టు.

"ఎవరు?" పార్వతీదేవి కొట్టువాడితో బేరమాడుతుంటే, తల ఎత్తకుండా మెల్లగా అడిగాడు.

సాయిప్రియ మెడలోని బిళ్లని గుప్పిట్లో గట్టిగా మూసుకుంది. మైక్ చెవిటిదైంది. అప్పుడు చెప్పింది. "మహేష్."

హరీష్ చేతులు ఆగిపోయాయి. మహేష్. దుండిగల్‌లో ట్రైనింగ్ రోజుల నుంచి ఒకే కంచంలో తిన్నవాడు. రెండేళ్ల క్రితం ఇదే నగరంలో మాయమయ్యాడు. మరణించినట్టు ఫైల్ మూసింది హరీషే.

"నాలుగేళ్లయింది మా పెళ్లై. విభాగంలో చెప్తే ఇద్దర్నీ తీసేస్తారని చెప్పలేదు. నువ్వు చూస్తావనే మొన్న మెట్టెలు తీశాను. నువ్వు శవాన్ని చూశావా హరీష్?"

"చూడలే."

"ఈ కొనేవాళ్ల దగ్గర బతికే ఉన్నాడు. నెలకో ఫోటో పంపిస్తారు. ఒక్కో ఫోటోకి..." ఆమె ఆగింది.

"ఒక్కో పేరు."

"అన్నిటికీ కాదు. మూడింటికి."

ఎంత మామూలుగా అందో. ఆ ముగ్గురిలో ఒకతని బిడ్డ నామకరణానికి ఇద్దరూ కలిసి వెళ్లారు.

"ఇయ్యాల ఏంది బేరం?"

"అయిదింటికి ఫెర్రీ. నేను ఆంప్యూల్ ఇస్తాను, వాళ్లు మహేష్‌ని ఇస్తారు. అంతవరకు ఊరుకో. ఆ తర్వాత నన్ను ఏం చేసుకుంటావో చేసుకో."

రెండో కాలికి ఉంగరం తొడిగాడు. మహేష్ బతికున్నాడనే మాట అతన్ని కూడా కట్టి పడేసింది.

"బాగుంది. ఇప్పుడు నిండుగా ఉన్నావు," అంటూ పార్వతీదేవి బ్యాగ్ తెరిచి, వెండి పూత పూసిన చిన్న కుంకుమ భరిణె తీసింది. మూత తిప్పుతుంటే, "ఇక్కడెందుకవన్నీ, లోపల పెట్టు," అని ఫణిభూషణ్ ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నుదుట చెమట.

"బొట్టే కదండీ," అని ఆమె వేలి కొసతో చిటికెడు అద్ది సాయిప్రియ నుదుట పెట్టి, మూత బిగించి లోపల వేసుకుంది. ఫణిభూషణ్ ఊపిరి వదిలాడు. హరీష్, సాయిప్రియ ఒకర్నొకరు చూసుకున్నారు. కస్టమ్స్ వాడు లడ్డూ విరిచి చూస్తాడు గానీ, పెద్దావిడ కుంకుమలో వేలు పెట్టడు. సైంటిస్ట్ గారి బుర్రే బుర్ర.

*

ఎమినోను రేవు. సముద్రం మీద ఎండ ఇంకా ఏటవాలుగా పడుతోంది. పార్వతీదేవి బెంచీ మీద కూర్చుని, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె తుంపి కాకులకి వేసినట్టు సముద్రపు పక్షులకి వేస్తోంది. బ్యాగ్ పక్కన పెట్టింది.

సాయిప్రియ ఫణిభూషణ్ పక్కకి వెళ్లి మెల్లగా అంది. "అవతలి ఒడ్డున తులిప్స్ వాడిపోయాయట."

ఆయన అదిరిపడి ఆమెని చూశాడు. ఇంతసేపూ బొట్టు పెట్టించుకున్న పిల్లేనా. "వాడిపోతే మళ్లీ నాటుతారు," అన్నాడు కోడ్ ప్రకారం. బ్యాగ్‌లోంచి భరిణె తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత భార్య భుజం తట్టాడు.

"టీ తెస్తాను. ఇక్కడే కూర్చో, కదలకు."

"చక్కెర తక్కువ వెయ్యమనండి, మీకు మంచిది కాదు," అంది ఆమె.

ఆయన తిరిగి చూడకుండా సాయిప్రియ వెనక ఫెర్రీ ఎక్కాడు. ఇరవై అయిదేళ్ల కాపురం ఆ బెంచీ మీద ఉండిపోయింది. హరీష్ జాకెట్ తిప్పేసి, ఉన్ని టోపీ కళ్ల మీదకి లాక్కుని, ఆఖరి క్షణంలో దూకాడు.

పై డెక్ మీద బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫణిభూషణ్ వెళ్లి అతని వెనక చేరాడు. సాయిప్రియ ఎదురుగా నిలబడింది. హరీష్ మూడడుగుల దూరంలో టీ గ్లాసు పట్టుకుని సముద్రాన్ని చూస్తున్నాడు.

"ముందు మహేష్‌ని చూపించు."

"అవతలి రేవులో ఉన్నాడు. ముందు వస్తువు."

సాయిప్రియ భరిణె చాపింది. బూడిద కోటు వేళ్లు భరిణె మీద మూసుకుంటున్నాయి. చేయి మారకూడదు. మహేష్ అవతలి ఒడ్డున ఉన్నాడు. ఇది వదిలేస్తే మహేష్ వస్తాడు. ఆపితే ఊళ్లు మిగులుతాయి. శామీర్‌పేట, తుర్కపల్లి, నాయిన. హరీష్ గ్లాసు వదిలేసి బలంగా ఆ చేతి మీద కొట్టాడు.

భరిణె సముద్రంలో పడలేదు. రెయిలింగ్‌కి తగిలి మూత ఊడింది. గాలికి కుంకుమ ఎగిరి నలుగురి బట్టల మీదా ఎర్రగా పడింది. ఖాళీ డబ్బా డెక్ మీద గిర్రున తిరిగి ఆగింది.

ఆంప్యూల్ లేదు.

ఫణిభూషణ్ మోకాళ్ల మీద పడి కుంకుమని చేతులతో వెతికాడు. "నేనే పెట్టాను. నా చేతులతో పెట్టాను," అని గొణుగుతున్నాడు. బూడిద కోటు అతన్ని, సాయిప్రియని మార్చి మార్చి చూశాడు. ఆ ముఖంలో కోపం కూడా లేదు. విసుగు ఉంది.

"మహేష్ ఏడి?" అంది సాయిప్రియ.

"ఏ మహేష్? రెండేళ్ల కిందటి ఆ మనిషా?" కోటు మీద కుంకుమ దులుపుకుంటూ అన్నాడు. "పట్టుకున్న మొదటి వారంలోనే పోయాడు. ఫోటోలన్నీ ఆ వారంలో తీసినవే. గడ్డం అవసరమైతే మా ఆర్టిస్ట్ పెంచుతాడు."

ఫెర్రీ రేవుకి తగిలింది. బూడిద కోటు దిగబోతుంటే, యజ్ఞనారాయణ ముందే మాట్లాడి పెట్టిన స్థానిక మిత్రులు ఇద్దరు అటొకరు ఇటొకరు చేరి నవ్వుతూ చేతులు పట్టుకున్నారు. ఇంకొకరు ఫణిభూషణ్‌ని లేపారు. ముఠా గొలుసు తెగింది. ప్లాట్ ఫెయిలయింది. పై డెక్ మీద టూరిస్టులు ఫోటోలు దిగుతూనే ఉన్నారు.

సాయిప్రియ డెక్ మీదున్న బెంచీలో కూర్చుంది. ఏడవలేదు. ముందు మెడలో బిళ్లని పెదాల దగ్గరకు తీసుకుంది.

"సార్, ఆ ముగ్గురి పేర్లూ చెప్పింది నేనే. హరీష్‌కి ఏమీ తెలియదు."

తర్వాత వంగి షూస్ విప్పింది. మధ్యాహ్నం హరీష్ తొడిగిన రెండు వెండి ఉంగరాలూ ఒకదాని తర్వాత ఒకటి తీసింది. రెండేళ్లు ఆలస్యంగా తీస్తున్నానని ఆమెకి తెలుసు. వాటిని హరీష్ చేతిలో పెట్టి, వట్టి కాళ్లతోనే నడుచుకుంటూ వెళ్లి, కింద నిలబడ్డ వాళ్ల కారెక్కింది.

*

తిరుగు ఫెర్రీలో హరీష్ ఒక్కడే వచ్చాడు. పార్వతీదేవి అదే బెంచీ మీద అలాగే కూర్చుని ఉంది. రొట్టె అయిపోయింది.

"మీ అంకుల్ కనిపించారా బాబూ? టీకని వెళ్లారు."

హరీష్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఏది ముందు చెప్పాలో తెలియక, చెప్పగలిగింది చెప్పాడు. "ఆంటీ, మీ కుంకుమ భరిణె పోయింది. ఏమనుకోకున్రి."

"పోతే పోనీలే. అది మొన్న మేడ్చల్ బజార్లో కొన్నది. ఇంట్లోదా ఏమన్నానా."

హరీష్ తల తిప్పాడు. "ఇంట్లది ఏమైంది?"

"ఉద్యాపనకి అయిదుగురు ముత్తయిదువులకి అయిదు భరిణెలు తెచ్చాను బాబూ. ఒకదానికి మూత సరిగ్గా పట్టడం లేదు, అదే నేను ఉంచుకున్నాను. లోటు చెయ్యకూడదుగా. పూజగదిలో మాదీ అలాంటిదే ఉంటే, ఉన్నది ఉన్నట్టు కుంకుమతో సహా ఇచ్చేశాను. ఆయనకి చెప్పలేదు. పూజగదిలో ఏం ఉందో ఆయనకి ఎప్పుడు పట్టింది కనుక?"

"ఎవరికిచ్చిన్రు?"

"మా ఎదురింటావిడకి. యజ్ఞనారాయణ గారి భార్యకి. మంచి మనిషి, రోజూ అందులోదే పెట్టుకుంటానంది."

హరీష్ లేచి నాలుగడుగులు అవతలికి నడిచి యజ్ఞనారాయణకి ఫోన్ చేశాడు. చెప్పాల్సింది రెండు వాక్యాల్లో చెప్పాడు. అటువైపు పూజగది తలుపు చప్పుడు. మూత తిప్పిన చప్పుడు. భార్య ఏదో అడుగుతోంది.

"ఉంది," అన్నాడు యజ్ఞనారాయణ. "పగల్లేదు."

ఆంప్యూల్ బహదూర్‌పల్లి గడప దాటలేదు. దాని పక్కనే వేలు పెట్టి రోజూ పొద్దున ఆయనకి బొట్టు పెడుతూనే ఉన్నారు. తాము ఇక్కడికి రాకపోయినా ఏమీ అయ్యేది కాదు. సాయిప్రియ ఇంకా ఫోటోలు చూసుకుంటూ, భర్త బతికున్నాడనుకుంటూ ఉండేది. ఇంకొకరి పేరు కూడా చెప్పి ఉండేది. హరీష్‌కి ఏది మేలో అర్థం కాలేదు.

"రిపోర్ట్‌ల ఏం రాయాలె సార్? ఆంప్యూల్ యాడ దొరికిందని?"

"ఇస్తాంబుల్‌లో అని రాయి."

"అట్లనే సార్."

బెంచీ మీద పార్వతీదేవి రేపటి టూర్ కాగితం మడత విప్పి చూసుకుంటోంది. ఆమెకి ఇంకా చెప్పాలి. హరీష్ జేబులో చెయ్యి పెట్టాడు. ఇస్తాంబుల్‌లో నిజంగా దొరికినవి రెండు వెండి ఉంగరాలు. వాటిని రాసుకోవడానికి రిపోర్ట్ ఫారంలో గడి లేదు.